మీటకు అందని అక్షరము: తెలుగు లేఖన యంత్రములు - విశేషాక్షరముల సంరక్షణ

వ్రాయు సాధనమునకును వ్రాయబడు లిపికిని గల సంబంధము మిక్కిలి సన్నిహితమైనది. తాటియాకుపై గంటముతో అడ్డగీతలు గీసినచో ఆకు చీలునని, దక్షిణదేశ లిపులు వర్తులాకారమును పొందుటకు అది యొక కారణమని లిపిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. శిలపై ఉలితో చెక్కువాని సౌకర్యము వేరు. కాగితముపై కలము నడపువాని సౌకర్యము వేరు. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి శిలలపై క్రీస్తు పూర్వము 3వ శతాబ్దమునకు చెందిన అశోకుని శాసనములు కలవు. అందు లఘు శిలాశాసనములోని కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, తరువాతివి కుడినుండి ఎడమకును నడచినవి. సేద్యగాడు ఒక చాలు చివర ఎద్దులను మళ్ళించి, ఆ వైపునుండియే రెండవ చాలు పట్టినట్లున్నది ఆ వ్రాత. చెక్కువాని చేతికి ఆ స్వాతంత్ర్యము కలదు. యంత్రముపై వ్రాయువానికి అట్టి స్వాతంత్ర్యము లేదు. యంత్రమున ఏ అక్షరమునకు మీట కలదో ఆ అక్షరమే పుటకు ఎక్కును.

ఈ విషయము టైపురైటరు నేర్చిన గుమాస్తాలకు మాత్రమే సంబంధించినదని తోచవచ్చును. కాని ప్రాచీన గ్రంథ పరిష్కర్తలకు, శాసన పరిశోధకులకు, వేదపాఠములను అచ్చువేయువారికి ఇది ప్రాణప్రదమైన విషయము. చేతికి అందిన అక్షరము నిలుచును. అందనిది మొదట మార్పు చెందును, ఆపై మరువబడును. ఈ వ్యాసమున తెలుగు లేఖన యంత్రముల నిర్మాణమును, వాటివలన విశేషాక్షరములకు కలిగిన గతిని, నేడు వాటిని కాపాడుకొను మార్గమును క్రమముగా పరిశీలింపవలసియున్నది.

విశేషాక్షరములు ఏవి?

నిత్యవ్యవహారమున అరుదుగా వచ్చుచు, శాస్త్రవ్యవహారమున విడువరానివిగా ఉన్న వర్ణములను, చిహ్నములను ఇక్కడ విశేషాక్షరములని పేర్కొనుచున్నాము. వీటిని మూడు వర్గములుగా విభజింపవచ్చును.

మొదటి వర్గము ప్రాచీన ద్రావిడ వర్ణములది. శకటరేఫమగు ఱ, తమిళమున నేటికిని నిలిచియున్న ఴ, ప్రాచీన శాసనములందు మాత్రమే కానవచ్చు ౚ ఇందు చేరును. రెండవ వర్గము తెలుగు వ్యాకరణమున సిద్ధమైనవాటిది. అరసున్న (ఁ), దంత్య చకార జకారములు (ౘ, ౙ) ఇట్టివి. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి తెలుగునకు పరిగణించిన 36 వర్ణములలో ఈ మూడును కలవు. మూడవ వర్గము సంస్కృత లేఖనమునకు కావలసినవాటిది. అవగ్రహము (ఽ), దీర్ఘ ౠకారము, ఌకారము, వేదస్వర చిహ్నములు ఇందలివి.

వీటిని పండితుల ఆడంబరముగా భావించువారు కలరు. అర్థభేదము కలిగించు వర్ణమును ఆడంబరమనుట యుక్తము కాదు. 'వేరు' అనగా మూలము. 'వేఱు' అనగా అన్యము. 'అర' అనగా సగము. 'అఱ' అనగా గదివంటి విభాగము. 'ఏడు' సంఖ్య, 'ఏఁడు' సంవత్సరము. 'వీడు' పట్టణము, 'వీఁడు' ఈ పురుషుడు. సంస్కృతమున భేదము మరింత తీవ్రము. 'కో ధర్మః' అన్నచో 'ఏది ధర్మము' అని అర్థము. 'కోఽధర్మః' అన్నచో 'ఏది అధర్మము' అని అర్థము. ఒక్క అవగ్రహము జారిపోయినచో ధర్మాధర్మములే తారుమారగును.

రేనాటి నేలయు ఱకారమును

ఈ విచారమునకు కడప, కర్నూలు మండలములు మిక్కిలి తగిన క్షేత్రములు. తెలుగున వెలసిన మొదటి శాసనములు ఈ ప్రాంతపు రేనాటి చోళులవి. కడప జిల్లా ఎఱ్ఱగుంట్ల మండలమందలి కలమళ్ళ చెన్నకేశవాలయ ప్రాంగణమున లభించిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము క్రీ.శ. 575 నాటిదని చరిత్రకారులు నిర్ణయించిరి. ఈ వంశము పేరులోని చివరి వర్ణము నేటి ళకారము కాదు. అది 'చోఴ' అను ఴకారము. తమిళమున 'ఏఴు' అన్నది తెలుగున 'ఏడు' అయినట్లు, 'కోఴి' అన్నది 'కోడి' అయినట్లు, 'చోఴ' శబ్దము తెలుగున 'చోడ' అయినది. తెలుగు చోడులు అను వ్యవహారమునకు మూలము ఈ వర్ణపరిణామమే. శాసనపాఠమును ప్రకటించునపుడు ఴకారమునకు బదులు ళకారమును వ్రాసినచో ఆ పరిణామమునకు గల సాక్ష్యము ఆ పుటలో నశించును. తరువాతి పరిశోధకుడు ఆ అచ్చుపాఠమునే ప్రమాణముగా గైకొనినచో తప్పు స్థిరపడును.

ఱకారము విషయము ఇంకను ఆసక్తికరము. వానలు తక్కువైన ఈ సీమలో జీవితము ఏ మాటలను ఆశ్రయించియున్నదో చూడుడు: చెఱువు, ఏఱు, కఱవు, వఱపు. ఈ నాలుగింటను ఉన్నది శకటరేఫమే. నీరు నిలుచు చోటు, నీరు పారు చోటు, నీరు లేని కాలము ఈ వర్ణముతోనే వ్రాయబడినవి. సేద్యపు ఏరు మాత్రము సాధురేఫముతో కూడినది. 'ఏరువాక' ఆ శబ్దమునుండి ఏర్పడినది. 'ఏఱు' నది, 'ఏరు' ఎడ్లు కట్టిన మడక. నేటి అచ్చున రెండును ఒకే రూపమున కానవచ్చుటచే 'ఏరు వచ్చినది' అన్న వాక్యమునకు వెల్లువ వచ్చినదనియు, మడక వచ్చినదనియు రెండర్థములు చెప్పవచ్చును. ఎఱ్ఱగుంట్ల, ఎఱ్ఱగుడి అను ఊళ్ళ పేర్లలో సైతము ఎఱుపునేల జ్ఞాపకము శకటరేఫముతోనే నిలిచియున్నది.

ఛందశ్శాస్త్రమున కూడ ఈ భేదము ప్రధానము. రేఫమునకును శకటరేఫమునకును ప్రాస చెల్లదని లాక్షణికులు నియమించిరి. 17వ శతాబ్దమునకు చెందిన అప్పకవి ఈ విషయమును విస్తరించి చర్చించెను. ఒక కావ్యమున ఈ నియమము ఎంతవరకు పాటింపబడినదో పరిశీలించినచో, ఆ కవి కాలమున ఆ ప్రాంతమున రెండు రేఫముల ఉచ్చారణ భిన్నముగా ఉండెనా, కలిసిపోయెనా అని ఊహింపవచ్చును. పరిష్కర్త అన్నిటిని సాధురేఫముగా మార్చినచో ఆ ఊహకు ఆధారమే ఉండదు.

గంటమునకును కలమునకును ఈ ఇబ్బంది లేదు. సి.పి. బ్రౌను 1820 దశకమున కడపలో తన బంగళాయందు పండితులను, లేఖకులను పోషించి తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో ప్రకటించెను; 1852లో తెలుగు - ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. ఆ లేఖకుల కలమునకు ఱకారము వ్రాయుటకు రకారముకంటె అధిక ప్రయాస లేదు. ప్రయాస యంత్రముతోనే ప్రారంభమైనది.

టైపురైటరు: స్థానము చాలని వర్ణమాల

అమెరికాలో షోల్స్ మొదలైనవారు నిర్మించిన యంత్రమును రెమింగ్టన్ సంస్థ 1874 ప్రాంతమున విక్రయించుట ఆరంభించెను. 1878లో వచ్చిన రెండవ నమూనాలో షిఫ్టు మీట చేర్చబడినది. దానివలన ఒక్కొక్క మీటకు రెండు అచ్చులు అమరినవి. షిఫ్టు అనగా స్థానచలనము. మీట నొక్కగానే యంత్రభాగము నిజముగా కదలి, అచ్చుకడ్డీపై నున్న రెండవ రూపమును కాగితమునకు ఎదురుగా తెచ్చును. కార్యాలయములలో వాడబడిన యంత్రములకు సాధారణముగా 44 నుండి 46 మీటలు ఉండును. కావున మొత్తము స్థానములు 88 నుండి 92 మాత్రమే. ఆంగ్లమున 26 అక్షరములకు పెద్దవి, చిన్నవి కలిపి 52 స్థానములు పోగా, అంకెలకును విరామ చిహ్నములకును తగినంత చోటు మిగులును.

తెలుగు స్థితి అట్టిది కాదు. వర్ణమాలలో 56 అక్షరములని సంప్రదాయ గణన. వాటికి గుణింతపు గుర్తులు, ముప్పదికి పైగా వత్తులు, అంకెలు, విరామ చిహ్నములు చేర్చినచో సంఖ్య నూరు దాటును. కావున యంత్రనిర్మాతలు రెండు ఉపాయములను ఆశ్రయించిరి. మొదటిది అక్షరమును అవయవములుగా విడదీయుట. తలకట్టు, కొమ్ము, దీర్ఘము మొదలైనవి వేరుగా కొట్టబడి, పుటపై ఒక అక్షరముగా కూర్చబడును. రెండవది డెడ్ కీ అనబడు మీట. సాధారణముగా ఒక మీట నొక్కగానే కాగితమును మోయు క్యారేజి ఒక అక్షరమంత దూరము ఎడమకు జరుగును. డెడ్ కీ నొక్కినపుడు గుర్తు పడును గాని క్యారేజి కదలదు. అందువలన పైన గాని, క్రింద గాని చేరవలసిన గుర్తు మూలాక్షరముతో ఒకే చోట పడును. ఈ ఏర్పాటు చక్కనిదే. కాని వత్తు క్రింద వత్తు రావలసిన సంస్కృత సంయుక్తాక్షరముల విషయమున దానికి శక్తి చాలదు.

ఈ ఉపాయముల తరువాతను స్థానములు చాలనపుడు కొన్నిటిని విడువక తప్పదు. విడువబడినవి తయారీని బట్టి మారవచ్చును. అయినను పాలనావ్యవహారమునకై నిర్మింపబడిన యంత్రమున మొదట స్థానము కోల్పోవునవి అరుదైన అక్షరములే. ఇందు నిర్మాతల దోషము లేదు. ఆ యంత్రము ఎవరికొరకు ఏర్పడినదో గమనింపవలెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించి, కర్నూలు రాజధానియై, 1956 వరకు అట్లే ఉండెను. భాషాప్రాతిపదికపై రాష్ట్రము ఏర్పడినను కార్యాలయపు వ్రాత ప్రధానముగా ఆంగ్లముననే సాగినది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము వచ్చినపిదప తెలుగు టైపురైటరు అవసరము పెరిగినది. ఉత్తరువు, నోటీసు, వినతిపత్రము వ్రాయుటకు అవగ్రహముతోను ఌకారముతోను పనిలేదు.

శకటరేఫమును, అరసున్నను యంత్రమే తొలగించెననుట సత్యము కాదు. గిడుగు రామమూర్తి పంతులు నడపిన వ్యావహారిక భాషోద్యమము, పాఠ్యపుస్తకముల మార్పులు, పత్రికల భాష వాటిని నిత్యవ్యవహారమునుండి తప్పించినవి. ఉచ్చారణలో భేదము లేనిచో వ్రాతలో ఏల అను ప్రశ్నకు ఆ ఉద్యమము ఇచ్చిన సమాధానము ఆధునిక రచనకు సమంజసమే. యంత్రము చేసిన పని వేరు. ఆధునిక రచనకు చేసిన సడలింపును ప్రాచీన గ్రంథమునకును వర్తింపజేసినది. టైపు చేసిన సిద్ధాంత గ్రంథములలో పరిశోధకులు ఖాళీ విడిచి, తరువాత నల్లసిరాతో గుర్తులు పూరించుట ఆ రోజులలో పరిపాటి. ఓపిక గలవారు పూరించిరి. ఓపిక లేనివారి ప్రతులలో ఆ ఖాళీలు అట్లే నిలిచినవి, లేదా సాధురేఫముతో నింపబడినవి. గోద్రెజ్ సంస్థ 2009లో టైపురైటరుల ఉత్పత్తిని నిలిపివేయుటతో భారతదేశమున ఆ యుగము దాదాపు ముగిసినది.

కంప్యూటరు మీట: స్విచ్చి నిర్మాణము

టైపురైటరున మీటకును అక్షరరూపమునకును గల సంబంధము లోహబద్ధము. కడ్డీ చివర ఏ అక్షరము పోతపోయబడినదో అదియే పడును. కంప్యూటరు కీబోర్డున మీట ఒక విద్యుత్ స్విచ్చి మాత్రమే. అది యంత్రమునకు ఒక సంఖ్యను తెలుపును. ఆ సంఖ్యకు ఏ అక్షరము అన్నది లోపలి వ్యవస్థ నిర్ణయించును. శబ్దార్థ సంబంధము నిత్యమని మీమాంసకులును, సంకేతమూలకమని నైయాయికులును చెప్పుదురు గదా. టైపురైటరు మీట మీమాంసకుని పక్షము. కంప్యూటరు మీట నైయాయికుని పక్షము. సంకేతమును మార్చినచో అదే మీట వేరొక అక్షరమును ఇచ్చును. స్థానములు చాలవను ఇబ్బంది సిద్ధాంతరీత్యా ఇక్కడితో తొలగినది.

అయినను వేలికి తగులు స్విచ్చి ఎట్టిదను ప్రశ్న నిలిచియే యున్నది. 1981లో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరుతో ఇచ్చిన కీబోర్డున ప్రతి మీట క్రింద ఒక తీగచుట్ట ఉండెడిది. మీటను కొంత దూరము నొక్కగానే ఆ చుట్ట ఒక్కసారిగా ప్రక్కకు వంగి, క్రిందనున్న చిన్న పలకను తట్టెడిది. టక్కుమను శబ్దము, వేలికి తెలియు కుదుపు, అక్షరము నమోదగుట - ఈ మూడును ఒకే క్షణమున జరిగెడివి. 1985లో వచ్చిన అదే సంస్థ ఎం నమూనా కీబోర్డున కూడ ఈ చుట్ట విధానమే కలదు. 1980 దశకముననే జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ ఎం.ఎక్స్. అను వేరొక స్విచ్చిని నిర్మించెను. ఒక చిన్న పెట్టెలో తీగచుట్ట, దానిపై జారు కాడ, ప్రక్కన రెండు లోహపు రేకులు ఉండును. కాడ దిగినపుడు రేకులు కలిసి విద్యుత్తు ప్రవహించును. ఇందు నీలిరంగు కాడ గల రకము నొక్కినపుడు శబ్దము చేయును. మీట ప్రయాణము మొత్తము 4 మిల్లీమీటర్లు. సుమారు సగము దూరముననే అక్షరము నమోదగును. భారతదేశమున టి.వి.ఎస్. గోల్డ్ అను కీబోర్డు ఈ చెర్రీ స్విచ్చిలతో ప్రసిద్ధి చెందినది. కార్యాలయములలోను, డి.టి.పి. కేంద్రములలోను, దుకాణముల బిల్లు కౌంటర్లపైనను దాని చప్పుడు వినని తరము లేదు. ఒక్కొక్క స్విచ్చి 5 కోట్ల నొక్కుళ్ళకు ఓర్చునని తయారీదారుల మాట.

చవకైన కీబోర్డులలో ప్రతి మీటకు వేరు స్విచ్చి ఉండదు. మీటలన్నిటి క్రింద రబ్బరు బుడిపెలు గల ఒకే పొర, దాని క్రింద పలుచని ప్లాస్టిక్ పొరలు ఉండును. బుడిపె అడుగుదాక నొక్కబడిన గాని అక్షరము పడదు. కాలక్రమమున రబ్బరు బిగిసి, దుమ్ము చేరి, వేలు నొక్కినను అక్షరము పడకపోవుట కలుగును. దుమ్ము స్విచ్చి రేకుల మధ్య చేరినచో వ్యతిరేక దోషము కలుగును: ఒక నొక్కుకు రెండు అక్షరములు పడును. ఎండకును దుమ్ముకును పేరు పొందిన ఈ మండలములలో ఈ రెండు దోషములను విస్మరింపరాదు.

ఇది తెలుగునకు ఏల ముఖ్యమనగా, తెలుగు అక్షరము ఒక నొక్కుతో సిద్ధించునది కాదు. 'కార్త్స్న్యము' అను పదమును తీసికొనుడు. అందలి 'ర్త్స్న్య' అను ఒక్క సంయుక్తాక్షరమునకు ఐదు హల్లులు, వాటి నడుమ నాలుగు పొల్లులు కలిపి 9 నొక్కుళ్ళు కావలెను. వీటిలో ఒక్కటి జారినను పదము చెడును. 'తత్త్వము' అనుటకు 8 నొక్కుళ్ళు. తకారము, పొల్లు ఒకసారి జారినచో 6 నొక్కుళ్ళతో 'తత్వము' అగును. 'సత్త్వము', 'మహత్త్వము', 'ఉజ్జ్వలము' అనువాటికిని ఇదే గతి. అచ్చున ఈ అపరూపములు విరివిగా కానవచ్చుటకు అనవధానతయే ప్రధాన కారణమైనను, మీట తన పని చేసినదో లేదో వేలికి తెలియకపోవుటయు తోడగును.

తాళపత్ర లేఖకుల దోషములను పరిష్కర్తలు ఎరుగుదురు. ఒకే వర్ణము వెంటనే రెండుమార్లు రావలసినచోట ఒకసారి వ్రాయుట లోపము. ఒకసారి రావలసినచోట రెండుమార్లు వ్రాయుట పునరుక్తి. పట్టని మీట మొదటిదానిని, రెండుమార్లు పట్టు మీట రెండవదానిని కలిగించును. లేఖకుడు మారెనే గాని దోషముల జాతి మారలేదు. కావున తాళపత్ర పరిష్కరణకు ఏర్పడిన పరీక్షలే యంత్రలిఖిత ప్రతులకును వర్తించును.

మీటల అమరిక - వర్ణసమామ్నాయము

1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగము ఇన్‌స్క్రిప్ట్ అను అమరికను ప్రవేశపెట్టెను. సంస్కృతజ్ఞులకు ఇది మిక్కిలి పరిచితముగా తోచును. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు ప్రధానముగా కుడిచేతి వైపు ఉండును. ఒక మీటపై అల్పప్రాణము ఉండగా, షిఫ్టుతో అదే మీట మహాప్రాణమును ఇచ్చును: క - ఖ, గ - ఘ, చ - ఛ, త - థ, ప - ఫ. భారతీయ భాషలన్నిటికి అమరిక ఒక్కటే అగుటచే దేవనాగరిలో నేర్చినవాడు తెలుగున కూడ వ్రాయగలడు. రకారపు మీటకు షిఫ్టు చేర్చినచో ఱకారము, లకారపు మీటకు చేర్చినచో ళకారము, సున్న మీటకు చేర్చినచో అరసున్న లభించును. అనగా ఇన్‌స్క్రిప్టున 'చెఱువు' అని వ్రాయుటకు 'చెరువు' కంటె అదనముగా కావలసినది ఒక్క షిఫ్టు మాత్రమే.

దురదృష్టవశమున డి.టి.పి. కేంద్రములలో ఈ అమరిక వ్యాపింపలేదు. అక్కడ 1990 దశకమునుండి అను మొదలైన సంపుటుల అక్షరములు, యాపిల్, మాడ్యులర్ అను పేర్లు గల మీటల అమరికలు ప్రచారమునకు వచ్చినవి. పుస్తకము అందముగా అచ్చగుటకు అవి ఎంతయో తోడ్పడినవి. కాని వాటిలో నిల్వయగునది అక్షరము కాదు, అక్షరపు ఆకారము. లాటిను అక్షరములకు ఏర్పడిన సంఖ్యల స్థానమున తెలుగు ముక్కలు అమర్చబడినవి. అక్షర సంపుటి మారినచో పుట అంతయు అర్థరహితమగును. ఆ రీతిగా కూర్చబడిన పరిశోధన పత్రికలు, కావ్యముల పరిష్కృత ప్రతులు ఎన్నియో నేడు అచ్చుపుటలుగా మాత్రమే నిలిచి, కంప్యూటరున చదువబడని స్థితిలో ఉన్నవి. వాటిని మార్చు సాధనములు ఉన్నను, మార్పులో మొదట దెబ్బతినునవి సంయుక్తాక్షరములును విశేషాక్షరములునే.

యూనికోడు: తిరిగి వచ్చిన అక్షరములు

ప్రపంచ లిపులన్నిటికి ఒకే సంఖ్యాక్రమము ఏర్పరచిన యూనికోడున తెలుగునకు 1991లో మొదటి కూర్పునందే స్థానము లభించినది. ఱకారము, అరసున్న ఆనాటినుండియే అందు కలవు. తక్కినవి క్రమముగా చేరినవి. 2008లో అవగ్రహము, ౘ, ౙ చేర్చబడినవి. 2014లో ఴకారము, 2015లో ౚ చేరినవి. పూర్వపు వ్రాతలలో కానవచ్చు నకారపొల్లు (ౝ) 2021లో స్థానము పొందినది. రేనాటి శిలలపై చెక్కబడిన వర్ణమునకు సుమారు 1,400 సంవత్సరముల తరువాత ఒక సంఖ్య లభించుట గమనింపదగినది.

వేదస్వరముల విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. తైత్తిరీయ పాఠమున అనుదాత్తమునకు అక్షరము క్రింద అడ్డగీత, స్వరితమునకు పైన నిలువుగీత, దీర్ఘస్వరితమునకు రెండు నిలువుగీతలు వాడుదురు; ఉదాత్తమునకు చిహ్నము లేదు. ఈ గీతలు యూనికోడున దేవనాగరి విభాగమునను, 2009లో ఏర్పడిన వైదిక విభాగమునను కలవు. తెలుగుతో కూడ వాటినే వాడవలెను. అయితే నిలువుగీతకు యూనికోడు పట్టికలో ఇచ్చిన పేరు ఉదాత్తము. తైత్తిరీయులకు అది స్వరితము. పేరును చూచి వాడువాడు పొరబడును. రూపమును చూచి వాడవలెను. స్వరలోపమున కలుగు అనర్థమునకు 'ఇంద్రశత్రుః' అను శబ్దమే దృష్టాంతము. అంతోదాత్తమైనచో తత్పురుషము, ఇంద్రుని చంపువాడని అర్థము. ఆద్యుదాత్తమైనచో బహువ్రీహి, ఇంద్రుడు ఎవని చంపువాడో అతడని అర్థము. త్వష్ట యజ్ఞమున స్వరము తప్పుటచే వృత్రుడే హతుడయ్యెనని కథ. స్వరచిహ్నములు లేని పుటలో ఆ రెండు శబ్దములు ఒక్కటే.

సంఖ్య లభించినంతమాత్రమున అక్షరము చేతికి అందినట్లు కాదు. మూడు సోపానములు కలవు. అక్షరమునకు సంఖ్య ఉండవలెను. ఆ సంఖ్యకు రూపమునిచ్చు ఫాంటు ఉండవలెను. దానిని పిలుచు మీట ఉండవలెను. మొదటిది చాలవరకు సిద్ధించినది. రెండవదానికై కృషి చేసినవారు కలరు. దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 అను ఫాంట్లు ఆ మార్గమున ముందు నడచినవి. అయినను ఴ, ౚ, ౝ వంటి క్రొత్తగా చేరిన వర్ణములకు అన్ని ఫాంట్లలో రూపము లేదు. మూడవదగు మీట విషయమున ఉదాసీనతయే అధికము. దంత్య చజలకు, స్వరములకు మొదటి ఇన్‌స్క్రిప్టు అమరికలో చోటు లేదు. ఆంగ్లాక్షరములతో తెలుగు వ్రాయు పద్ధతులలో వాటికి ప్రత్యేక చిహ్నములను గుర్తుంచుకొనవలసియుండును.

పరిష్కర్తలు పాటింపదగినవి

పైని చర్చనుండి కొన్ని నియమములు తేలుచున్నవి. మొదటిది, మూలమున ఉన్న వర్ణమును యంత్రసౌకర్యమునకై మార్చరాదు. చేతివ్రాత ప్రతిలో ఱకారము ఉన్నచో అచ్చున ఱకారమే ఉండవలెను. ప్రతిలో సాధురేఫము ఉన్నచో దానిని పండితాభిమానముతో శకటరేఫముగా దిద్దుటయు తప్పే. సవరణ అవసరమైనచో అధస్సూచికలో తెలుపవలెను. రెండవది, అవగ్రహమునకు బదులు ఆంగ్లపు ఎస్ అక్షరమును, విసర్గకు బదులు రెండు చుక్కల విరామ చిహ్నమును వాడరాదు. కంటికి ఒక్కటిగా తోచినను కంప్యూటరునకు అవి వేఱు. వెదకినపుడు ఆ పదములు దొరకవు. మూడవది, కూర్పు ముగిసినపిదప సంయుక్తాక్షరములను ప్రత్యేకముగా సరిచూడవలెను. త్త్వ, జ్జ్వ, ర్త్స్న్య వంటివాటి పట్టిక నొకదానిని ఉంచుకొని వెదకినచో లోపదోషములు త్వరగా బయటపడును. నాలుగవది, శాసనపాఠమును గాని, స్వరసహిత పాఠమును గాని పంపునపుడు వాడిన ఫాంటును, అమరికను తెలుపుటయు, బొమ్మరూపమున ఒక ప్రతిని జతపరచుటయు మేలు.

ఐదవది బోధనకు సంబంధించినది. ఓరియంటల్ కళాశాలలలో పరిష్కరణ శాస్త్రము నేర్పునపుడు తాళపత్ర లిపితోపాటు మీటల అమరికను గూడ నేర్పవలెను. విద్యార్థి ఱకారమును, అరసున్నను గుర్తింపనేర్చుట చాలదు, వాటిని చేతితో వ్రాయగలుగుట చాలదు, మీటతో వ్రాయగలుగుట కూడ కావలెను. నేటి పాఠమును నిలుపునది అదియే. ప్రతి మీటకు వేరు స్విచ్చి గల మంచి కీబోర్డు ఒకటి, శుభ్రముగా ఉంచబడినది, లేఖన గదిలో ఉండుట విలాసము కాదు. పూర్వము లేఖకుడు గంటమునకు సానపట్టుకొని కూర్చుండుట ఎంత అవసరమో ఇదియు అంతే అవసరము.

ఆధునిక రచనయందు శకటరేఫమును, అరసున్నను పునరుద్ధరింపవలెనని ఈ వ్యాసపు తాత్పర్యము కాదు. భాష తన దారిని తాను నడచును. కాని రేనాటి శాసనమున చోఴ శబ్దము ఎట్లున్నదో, పూర్వకవి చెఱువును ఎట్లు వ్రాసెనో, వేదపాఠకుడు ఏ అక్షరమును ఎత్తి పలుకునో రాబోవు తరములకు యథాతథముగా అందింపవలసిన బాధ్యత పరిష్కర్తలది. ఇంతవరకు యంత్రమున స్థానము లేదను సమాధానము చెల్లినది. నేడు స్థానము కలదు. ఆ మీటను వెదకి నొక్కు శ్రద్ధ మాత్రమే మిగిలియున్నది.